తీజ్ పెట్టెలోని కుట్టు

మా లంబాడీల పూర్వీకులు ఎద్దుల బిడారులతో ఉప్పు, ధాన్యం మోసేవారు. గుడ్డపేలికలను పొరలుగా పేర్చి, దగ్గరదగ్గరగా కుట్టి సంచులు చేసుకునేవారు. ముందు నడిచే ఎద్దుకు గవ్వలు కుట్టిన గుడ్డ కప్పేవారు. 19వ శతాబ్దంలో రైళ్లు ఆ వ్యాపారాన్ని దెబ్బతీశాయి. 1871లో మొదలైన నేరస్థ జాతుల చట్టాలు కొన్నిచోట్ల మావాళ్లను పుట్టుదొంగలన్నాయి. బిడారులు ఆగాయి, సూది ఆగలేదు. పేటియా, కాంచళి, టుక్రీలపై అద్దాలు మెరుస్తూనే వచ్చాయి.

శ్రావణంలో తీజ్ వస్తే పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి తొమ్మిది రోజులు నీళ్లు పోస్తారు. అప్పుడే నానమ్మల బట్టలు పెట్టెలోంచి బయటికొస్తాయి. వాటిని వేసుకుని ఫొటోలు దిగుతున్నాం, కుట్టడం మాత్రం నేర్చుకోవడం లేదు. మా గోర్‌బోలికి సొంత లిపి లేదు. ఈ తీజ్‌కు నానమ్మ పక్కన కూర్చుని ఒక్క కుట్టయినా నేర్చుకుందాం. దాని పేరు అడిగి, తెలుగు అక్షరాల్లో రాసిపెట్టుకుందాం.