కర్ణగఢపు రాణి శిరోమణి

1931 సెప్టెంబరు 16న హిజ్లీ నిర్బంధ శిబిరమున పోలీసుల తుపాకులకు బలియైన సంతోష్‌కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తాల కథ ఖరగ్‌పూర్ తెలుగువారికి క్రొత్తది కాదు. ఆ శిబిర భవనముననే 1951లో సాంకేతిక విద్యాసంస్థ వెలసినది. అయితే ఈ సీమలో అంతకు 132 సంవత్సరములకు పూర్వమే ఒక రాణి ప్రజల పక్షమున నిలిచి బందీ అయినదని ఎరిగినవారు కొలదిమందియే.

ఖరగ్‌పూర్ నుండి కంసాయి నదిని దాటి, మిడ్నపూర్ మీదుగా ఉత్తరమునకు సాల్బొని దారిని పోయినచో కర్ణగఢము వచ్చును. పారాంగ్ నదీతీరమున శిథిలమైన కోటయు, మహామాయా దేవాలయమును అచట నేటికిని కలవు. ‘శివాయన’ కావ్యకర్త రామేశ్వర భట్టాచార్యుడు ఆశ్రయము పొందినది ఈ సంస్థానముననే. రాజా అజిత్ సింహుడు సంతానము లేక మరణింపగా సంస్థానము ఆతని ఇరువురు రాణులకు సంక్రమించెను. వారిలో రాణి భవాని గతించిన పిమ్మట భారమంతయు శిరోమణిపై పడెను.

1760లో నవాబు మీర్ కాసిం బర్ద్వాన్, చిట్టగాంగులతో పాటు మిడ్నపూరును ఈస్టిండియా కుంపిణీకి అప్పగించెను. ఇచటి అటవీ సంస్థానములలో పైకులను బంట్లుండెడివారు. వారికి రొక్కపు జీతము లేదు. కాపలాకును, యుద్ధసేవకును ప్రతిఫలముగా కొంత నేలను శిస్తు లేకయో, స్వల్పశిస్తుకో అనుభవించెడివారు. కుంపిణీ లెక్కలలో అది రాబడి లేని భూమి. పైకులకు మాత్రము అది తాతతండ్రుల నాటి అన్నము. 1793 నాటి శాశ్వత శిస్తు నిర్ణయము, దానితో వచ్చిన క్రొత్త పోలీసు ఏర్పాటు వారి బ్రతుకును తలక్రిందులు చేసెను. కొలువు పోయెను, నేలయు పోయెను.

1798లో అడవి ప్రాంతము భగ్గుమనెను. రాయ్‌పూర్ సీమలో దుర్జన్ సింహుడు నాయకుడయ్యెను. కుంపిణీవారు దీనికి ‘చువాడుల తిరుగుబాటు’ అని పేరు పెట్టిరి. చువాడు అనునది జాతిపేరు కాదు, అడవి ప్రజలను కించపరచు తిట్టు. మరుసటి యేటికి కర్ణగఢము, సాల్బొని పైకులకు ఆటపట్టులయ్యెను. తన వారిని విడిచి దొరల పక్షము చేరియున్నచో రాణి సుఖముగా ఉండెడిది. ఆమె అట్లు చేయలేదని ప్రజల విశ్వాసము. ఆమెయే తిరుగుబాటునకు మూలమని అధికారుల అనుమానము. 1799 ఏప్రిల్‌లో సేనలు కోటను పట్టుకొని ఆమెను బందీగా కొనిపోయినవి. కలకత్తా నుండి మరలివచ్చిన పిమ్మట మిడ్నపూరు చెంతనున్న ఆబాస్‌గఢమున కాలము గడపి 1812లో ఆమె కన్నుమూసెను.

తెలుగువారికి ఈ కథ పరాయిది కాదు. రేనాటిలో కట్టుబడి బంట్రోతుల మాన్యములను కుంపిణీ ప్రభుత్వము లాగికొనగా, 1846లో వారు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వెంట నడచిరి. 1847 ఫిబ్రవరి 22న ఆయనను కోయిలకుంట్లలో ఉరితీసిరి. అచటి కట్టుబడియు, ఇచటి పైకును ఒకే గాయమునకు గురియైనవారు. ఊరికి కాపుగాసినవాని నేలను ఊడలాగికొన్నచో ఊరికి నెమ్మది ఉండదను సత్యమును కుంపిణీవారును గ్రహింపక తప్పలేదు. 1800లో వారు మిడ్నపూరు అడవి ప్రాంతమున తమ విధానమును సడలించుకొనిరి. ఆ సడలింపు వెనుక పైకుల రక్తమును, ఒక వితంతు రాణి పడిన చెరయు కలవు.

హౌరా, ఆద్రాల నడుమ ఖరగ్‌పూర్ మీదుగా నడచిన ఒక ప్యాసింజరు బండికి ఆగ్నేయ రైల్వేవారు ‘రాణి శిరోమణి’ అని పేరు పెట్టిరి. రాజధానుల నడుమ పరుగులు తీయు బండి కాదది. కూలివారు, చిరుద్యోగులు, చిన్న యూళ్ల రైతులు ఎక్కి దిగు బండి. పైకుల రాణి పేరు నిలుచుటకు అంతకంటె తగిన చోటు వేరొకటి లేదు.