సయాము రాజుల సముద్రతీర సౌధము

నేడు నేను ముచ్చటింపబోవునది సయాము రాజకుటుంబము వేసవి విడిదిగా కట్టుకొన్న యొక సముద్రతీర సౌధమును గూర్చి. ఆ దేశమునకే 1939లో థాయిలాండు అను పేరు వచ్చినది. నేనచ్చటికి పోయి చూచినవాడను కాను. కాని బడిలో చరిత్ర బోధించిన నాటినుండియు సయాము పేరులు చదువుట నాకొక వేడుక. ఉచ్చారణ మెంత మారినను లోపల సంస్కృతము మెరయుచుండును. ఆరవ రాముడని ప్రసిద్ధికెక్కిన రాజు పేరు వజ్రాయుధుడు. అతని తమ్ముడు ప్రజాధిపోకుడు. మన కథ యీ తమ్మునిది.

రాజధానియగు బ్యాంకాకునకు దక్షిణముగా సుమారు 200 కిలోమీటర్ల దూరమున హువాహిన్ అను తీరగ్రామము కలదు. రైలుమార్గము పడిన పిమ్మట సముద్రపుగాలి కోరి రాజబంధువు లచ్చట విడుదులు కట్టుకొనసాగిరి. దానికి చేరువనే వజ్రాయుధుడు 1923, 24 సంవత్సరములలో టేకుకొయ్యతో మృగదాయవనమను మందిరము కట్టించెను. బుద్ధభగవానుడు తొలుత ధర్మము బోధించిన సారనాథపు లేళ్ళవనమును తలపించు పేరది. మందిరమంతయు స్తంభములపై నిలిచినది. చీమలు పైకెక్కకుండ స్తంభముల మొదట నీళ్ళు నిలుచు తొట్లు కట్టిరి. మన యిల్లాండ్రు పాలబీరువా కాళ్ళక్రింద నీళ్ళపళ్ళెములుంచుట లేదా, అదే యుపాయము! పాపము, రాజు రెండు వేసవులు మాత్రమే యందు గడిపి 1925 నవంబరులో మరణించెను.

పిమ్మట సింహాసనమెక్కిన ప్రజాధిపోకుడు స్వంత ధనము వెచ్చించి హువాహిన్‌లోనే వేరొక సౌధము కట్టించెను. దాని పేరు క్లాయ్ కంగ్వన్, అనగా చింతకు దూరమైనది. అందలి భవనముల పేరులలో సుఖము, క్షేమము, ప్రేమ, ప్రీతి అను నాలుగు మాటలును చేరియున్నవి. ఇంతకంటె శుభమైన నామకరణము మన పురోహితులైనను చేయజాలరు.

అయినను చింత యా యింటినే వెదకికొని వచ్చినది. 1929 తరువాతి లోకవ్యాప్తమైన ఆర్థికమాంద్యమున బియ్యపు ధర పడిపోయెను. బొక్కసము తరిగెను; ఉద్యోగులు పలువురు తొలగింపబడిరి. రాజ్యాంగచట్టము నొసగవలెనని రాజే యోచించి చిత్తుప్రతి వ్రాయించెను గాని, పెద్దరాజకుమారులు సమ్మతింపరైరి. 1932 ఏప్రిలులో రాజవంశపు 150వ వార్షికోత్సవము జరిగెను. పిమ్మట రాజు రాణితో హువాహిన్ చేరెను. జూను 24వ తేదీ వేకువను కొందరు సేనాధికారులును ఉద్యోగులును రాజధానిని వశపరచుకొని రాజకుమారులను నిర్బంధించిరి. వార్త చేరునప్పటికి రాజు గోల్ఫు ఆడుచుండెను. చట్టమునకు లోబడి రాజుగా నుండుమని, కాదేని వేరొకరిని రాజును చేయుదుమని వారి కబురు. తీసికొనివచ్చుటకై యుద్ధనౌకను గూడ పంపిరి.

ఇచ్చటనే నేను చాలసేపు ఆగి యోచించుచుందును. అతనికి దక్షిణమునకు పారిపోవుట కవకాశముండెను. విశ్వాసముగల సైన్యమును కూర్చుకొని పోరాడుటయు అసాధ్యము కాదు. అతడు రాణితోను బంధువులతోను ఆలోచించి, రక్తపాతము వలదని షరతునకు సమ్మతించెను. కాని ఆ నౌకలో బందీవలె పోనొల్లక, రైలులో రాజుగానే రాజధాని చేరెను. జూను 27న తాత్కాలిక రాజ్యాంగముపై సంతకము చేసెను. పిరికితనమని కొందరనవచ్చును. అధికారము పోవునని తెలిసియు, ఆ రైలెక్కుట పిరికివానికి సాధ్యమని నాకు తోచదు.

క్రొత్త ప్రభుత్వముతో అతనికి పొసగలేదు. 1934లో విదేశములకు పోయి, 1935 మార్చి 2న ఇంగ్లండునుండి సింహాసనమును విడిచెను. 1941లో అచ్చటనే కన్నుమూసెను. 1949లో రాణి అతని అస్థికలను స్వదేశమునకు తెచ్చెను.

సౌధము మాత్రము నిలిచినది. భూమిబల మహారాజు 1950లో వివాహమైన వెంటనే రాణితో హువాహిన్‌లో కొన్నాళ్ళు గడపెను; వార్ధక్యమునను ఆ సౌధమున చాలకాలము నివసించెను. సౌధము పేరే పెట్టుకొన్న పాఠశాల యొకటి యచ్చట కలదు. 1995లో అచ్చటినుండి ఉపగ్రహము ద్వారా టెలివిజన్ పాఠములు ప్రసారము చేయ మొదలిడిరి. ఉపాధ్యాయులు చాలని మారుమూల బడులలోని పిల్లలు వానిని కూర్చుండి వినిరి. ఒక్క కప్పు క్రింద ఒక్కడనే ఐదు తరగతులకును పాఠములు చెప్పినవాడనగుటచే కాబోలు, రాజుల కథ అంతటిలోను ఈ కడపటి సంగతియే నాకు మరిమరి జ్ఞప్తికి వచ్చుచుండును.