బొమ్మ కింద పేరు

మన కోయిలకుంట్ల పక్కన పారే కుందూ లోయకు కె.సి. కాలువ నీళ్లు రావటంలో మట్టి తవ్వినవారితోపాటు పటం గీసినవారి కష్టమూ ఉన్నది. మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వించిన ఈ కాలువను 1882లో ప్రభుత్వం కొన్నది.

కంప్యూటరు రాకమునుపు తూముకైనా, వంతెనకైనా ప్లాను, ఎలివేషన్, సెక్షన్ గీసి, ప్రతి బొమ్మ కింద పేరూ స్కేలూ డ్రాఫ్ట్స్‌మన్ చేత్తోనే రాసేవాడు. బొమ్మ స్కేలు మార్చి, కింది అంకె మార్చకుంటే పని దగ్గర కొలతే తప్పేది.

1982లో ఆటోక్యాడ్ వచ్చింది. 2004లో విడుదలైన ఆటోక్యాడ్ 2005తో పేరు, స్కేలు, షీటు నంబరు ముందే నిర్ణయించిన తీరులో వాటంతటవే పడే ఏర్పాటు చేరింది. షీటు నంబరు మారిస్తే లేబుల్‌లోనూ మారుతుంది.

అయినా ఏ బొమ్మకు ఏ పేరో, ఏ స్కేలు తగునో తేల్చేది మనిషే. ఇంజనీరింగు చదివే మనవలకు ఆ పని తెలిసిన మన పెన్షనర్లు చెప్పవలసింది ఇదే.