కవీతే: ఓడలు చేసిన ఊరు

మనీలా అఖాతపు దక్షిణ తీరమునుండి సముద్రములోనికి గాలమువలె వంగి చొచ్చుకొనిపోయిన సన్నని నేలతునుకపై మా ఊరు కవీతే వెలసియున్నది. నోవెలేటా మీదుగా వచ్చు ఇరుకైన నేలబాటను పట్టి, దలహీకాన్ చేపల రేవును దాటి, కరిదాద్, సాన్ రోకే పేటలను గడచి వచ్చినచో, పూర్వము కోటగోడల నడుమ నుండిన పాత రేవుపట్టణపు స్థలమునకు చేరుదుము. కృష్ణాతీరమున బుట్టి, యంత్రశాలలో పనిచేయుచు ఓడలవెంట దేశములు తిరిగి, ఈ ఊరి యాడపడుచును పెండ్లాడి యిచ్చటనే స్థిరపడిన నావంటివానికి ఈ ఊరిచరిత్ర వ్రాయు నధికార మెక్కడిదని ఎవరైన నడుగవచ్చును. ఓడలమీద బ్రదికినవానికి ఓడలు చేసినవారి ఊరిపై కొంత హక్కు కలదని నా సమాధానము.

పాఠశాలల చరిత్రపుస్తకములలో కవీతే పేరు ముఖ్యముగా మూడు తావుల కనబడును: 1872 నాటి తిరుగుబాటు, 1896 నాటి మరణదండనములు, 1898 నాటి నౌకాయుద్ధము. ఈ మూడును వేర్వేరు కథలుగా చెప్పుట వాడుక. ఈ వీధులలో నివసించువానికి మాత్రము వీని యన్నిటి వెనుకను ఓడపని, ఆ పని చేసినవాని కూలి యను నొక్క కథయే వినబడును.

1571లో స్పెయినువారు మనీలాను రాజధానిగా జేసికొనిరి గాని, పాసిగ్ నది ముఖమున ఇసుకమేట లుండుటచే పెద్దయోడలు నగరమునకు చేరజాలవయ్యెను. కావున లోతైన నీరును, గాలివానలనుండి చాటును గల మా గాలపువంపులో లంగరు దించిరి. పదునేడవ శతాబ్దారంభమున సాన్ ఫెలిపే కోట లేచెను. దాని ప్రక్కనే ‘రిబేరా’ యను ఓడల కర్మాగారము పెరిగెను. 1565 మొదలు 1815 వరకు, రమారమి రెండువందల యేబది సంవత్సరములు, మనీలానుండి మెక్సికోలోని అకపుల్కోకు చీనాపట్టులను గొనిపోయి వెండిని దెచ్చిన గలియను ఓడలు పెక్కు ఇచ్చటనే పుట్టినవి, ఇచ్చటనే మరమ్మతు పొందినవి.

ఆ యోడల నిర్మాణమును గూర్చి 1619లో సెబాస్టియన్ దె పినేదా యను కప్తాను స్పెయిను రాజునకు నివేదిక యొకటి పంపెను. ఏ కలప దేనికి తగునో అందు వివరముగా నున్నది. చట్రమునకు మొలావే, ప్రక్కపలకలకు లానాంగ్ అను మ్రాను, అది ఫిరంగి గుండు తగిలినను చీలక, చిన్నగుండును తనలో నిలుపుకొని, పెద్దగుండును వెనుకకు త్రోయునట. త్రాళ్లు అబకా నారవి. తెరచాపలు ఇలోకోసు దేశపు ప్రత్తిబట్టవి. ఇనుము చీనానుండి వచ్చెడిది. కాని ఆ నివేదికలో నా కన్ను నిలిచినది కలపపై గాదు, కలపను చెక్కినవారి లెక్కపైన. ఒకప్పుడు 1,400 మంది వడ్రంగులుండిరనియు, 1617లో మిందనావో దోపిడినావలు నాలుగువందల మందికి పైగా చెరబట్టి, రెండువందల మందికి పైగా చంపెననియు, అయిదేండ్లుగా కూలి ముట్టకపోవుటచే పెక్కురు పారిపోయిరనియు, 1618 నాటికి కవీతేలో రెండువందల మందియైన మిగులలేదనియు ఆతడు వ్రాసెను. రాజుగారికి ఓడలు కావలెను. ఓడకు వడ్రంగి కావలెను. వడ్రంగికి అన్నము కావలెనను మూడవమాట మాత్రము మనీలా దొరలకు తోచలేదు. ‘పోలో’ యను వెట్టిచాకిరి క్రింద అడవులలో మ్రాకులు నరికి, కొండలమీదినుండి ఈడ్చి తెచ్చినవారి గతి ఇంతకన్న హీనము.

ఓడ బయలుదేరునపుడు నావికులు మ్రొక్కుకొన్న దేవత ‘సోలెదాద్’ మాత. పట్టణద్వారమైన పోర్తా వాగా ప్రక్కనున్న చిన్నగుడిలో ఆమె పటముండెడిది. 1692వ సంవత్సరము వ్రాయబడియున్న ఆ తైలవర్ణచిత్రము నేడు సాన్ రోకే దేవాలయమున కలదు. నలుపు తెలుపుల వస్త్రములు ధరించి, కుమారుని ముండ్లకిరీటమును మేకులను ముందిడుకొని మోకరిల్లిన తల్లి అందున్నది. ఏటేట నవంబరు ఉత్సవమున, తిరిగివచ్చిన నావికులును తిరిగిరానివారి కుటుంబములును ఒక్క వరుసలో నిలిచి ఆ పటమును దర్శించుట చూచితిని.

మన తీరమునకును ఈ రేవునకును గల సంబంధము నిచ్చట చెప్పక తప్పదు. చోళమండల తీరపు వస్త్రములు మనీలాకు విశేషముగా వచ్చెడివి. ఇంగ్లీషువారి యోడలకు ఇచ్చట ప్రవేశము నిషిద్ధమగుటచే, ఆర్మీనియా వర్తకుల పేరనో, ఆసియా ప్రభువుల జెండాలక్రిందనో అవి రేవు చేరెడివి. సుంకపు అధికారులు ఎరుగనట్లు నటించెడివారు. పిదప 1762లో నటన విడిచి, చెన్నపట్టణమునుండియే బయలుదేరిన ఆంగ్లసైన్యము, కంపెనీ సిపాయిలతో గూడి, అక్టోబరు 6న మనీలాను గెలిచెను. కవీతేయు వెంటనే వారి చేతికి చిక్కెను. 1764లో ఆంగ్లేయులు వెడలిపోయినను, మరలిపోని సిపాయిల సంతతివారు మనీలాకు తూర్పున కైంతా గ్రామమున నేటికిని కలరు. మొదట ఆ ఊరికి పోయినపుడు కొన్ని ముఖములు నాకు గుడివాడ సంతలో చూచినట్లుండెను.

ఇక 1872. ఆయుధశాలలోను ఓడల కర్మాగారములోను పనిచేయు స్థానికులకు శిరస్సుపన్నునుండియు వెట్టినుండియు మినహాయింపు చిరకాలముగా నుండెను. గవర్నరు జనరలు ఇజ్కియెర్దో దానిని రద్దుచేసెను. జనవరి 20న జీతములు చేతికి వచ్చినపుడు అందులో కోత కనబడెను. ఆ రాత్రియే సార్జెంటు లా మద్రీద్ నాయకత్వమున సుమారు రెండువందల మంది సైనికులును కార్మికులును సాన్ ఫెలిపే కోటను పట్టుకొనిరి. మనీలాలో నొక పండుగకు కాల్చిన బాణసంచాను తమవారి సంకేతముగా భ్రమించిరని చెప్పుదురు. రెండుదినములలో సేనలు వచ్చి వారిని నిర్మూలించినవి. ప్రభుత్వమా, జీతపుకోత ననక, దేశవ్యాప్తమైన కుట్ర యని ప్రచారముచేసి, బుర్గోస్, సమోరా, బకోర్ గ్రామపు వృద్ధ అర్చకుడు గోమెజ్ అను మువ్వురు స్వదేశ మతాచార్యులను ఫిబ్రవరి 17న మనీలాలో గొంతుబిగించి చంపించెను. హోసె రిజాల్ తన రెండవ నవలను వారికే అంకితమిచ్చెను. మువ్వురిని దేశమంతయు ఎరుగును. అది సముచితమే. కాని ఆ దినమున తగ్గిన జీతమును లెక్కించుకొన్న పనివాని చేతిలో ఈ దేశపు విప్లవము మొదటిసారి కదలెనని మా ఊరివారు చెప్పుకొందురు. అది అతిశయోక్తి యని నేను తలపను.

విప్లవము రగిలిన 1896లో, సెప్టెంబరు 12న, కోట వెలుపల పదుమువ్వురిని కాల్చి చంపిరి. అందు వైద్యుడు, మందుల వర్తకుడు, దర్జీ, సంగీతోపాధ్యాయుడు, చెరసాల అధికారి మొదలగువారుండిరి. వారి పేరిటనే కవీతే రాష్ట్రపు మరియొక పట్టణము ‘త్రేసె మార్తీరెస్’ అయ్యెను. 1898 మే 1వ తేది ప్రొద్దున అమెరికా కమోడోరు డ్యూయీ స్పెయిను నౌకలను మా సాంగ్లే మొనయెదుట కొన్ని గంటలలో ముంచివైచెను. ఆ యుద్ధమునుగూర్చి పుస్తకములు విస్తారముగా నున్నవి. నేను చేర్చవలసినది లేదు. జూన్ 12న పొరుగున నున్న కావిత్ గ్రామమున విప్లవనాయకుడు అగినాల్డో స్వాతంత్ర్యమును ప్రకటించినపుడు మ్రోగిన గీతమునకు బాణీకట్టిన హులియాన్ ఫెలిపే మా ఊరివాడని మాత్రము చెప్పెదను.

స్పెయిను దిగి అమెరికా ఎక్కెను. కర్మాగారము నిలిచెను, కూలి డాలర్లయ్యెను. 1941 డిసెంబరు 10న జపాను విమానములు దానిని భస్మము చేసినవి. మంటలతోను, తరువాతి యుద్ధముతోను పాతపట్టణపు దేవాలయము లన్నియు కూలగా, సాంతా మోనికా గుడియొక్క గంటగోపురము మిగిలినది. యుద్ధానంతరము సాంగ్లే మొనలో అమెరికా నౌకాదళము 1971 వరకు నుండి, ఫిలిప్పీను యువకులను తమ దళములో చేర్చుకొనుచుండెను. 1970ల యారంభము వరకు వారికి దక్కినది సాధారణముగా వంట, వడ్డన, పడకలు సర్దుట మాత్రమే. మా వీధిలో అటువంటి పింఛనుదారు, ఎనుబదియేండ్లు దాటిన వృద్ధుడు, కలడు. వీధియెల్ల ఆయనను ‘లోలో’ యని, అనగా తాతగారని, పిలుచును. ఒకసారి “తాతగారూ, మీరేయే యుద్ధములు చూచితిరి?” అని యడిగితిని. “ఏమి చూతును నాయనా, వంటగదికి కిటికీ లేదు” అని ఆయన నవ్వెను.

వంటమాట వచ్చినది గనుక చెప్పెదను. మా అత్తగారు చేయు నల్లసేమ్యా, ఇచ్చట ‘పన్సిత్ పుసిత్’ అందురు, మొదటిసారి చూచినవానికి భయము కలిగించును. కణవచేపల సిరాసంచులను చిట్లకుండ దీసి వెనిగరులో కలుపవలెను. వెల్లుల్లి, ఉల్లి వేగినపిదప చేపముక్కలు వేసి, అవి బిరుసెక్కకమునుపే తీసి, ఆ నల్లనిరసములో బియ్యపుసేమ్యా నుడికించి, పైన గుత్తులుగా కాయు కామియాస్ పుల్లకాయలను చక్రములుగా తరిగి చల్లవలెను. తిన్నవాని పండ్లు గంటసేపు నల్లగా నుండును. వండునపుడు అత్తగారు మాటలాడు భాష చబకానో: పలుకులు చాలవరకు స్పెయినువి, వాక్యపుకట్టు తగాలోగుది. ఓడపనివారును సైనికులును బేరగాండ్రును కలసి పుట్టించిన ఆ భాషను ఇపుడు ముదుసలులు కొన్నివేలమంది మాత్రము ధారాళముగా పలుకుదురు. మనుమలు విందురు, తగాలోగులో బదులిత్తురు.

ఓడలు బండ్లగునని మనవారన్నట్లు, పెద్దయోడల వర్తకమంతయు ఏనాడో మనీలా కొత్తరేవునకు తరలిపోయినది. కోట నౌకాదళపు ప్రాంగణములో నున్నది. చూడవలెనన్న అనుమతి వలయును. సాంగ్లే మొనలోని విమానాశ్రయమును 2020లో ప్రజలకు తెరచిరి. దానిని సముద్రముపై మట్టిపోసి మహావిమానాశ్రయముగా పెంచవలెనను ప్రయత్నము నడచుచున్నది. బకోర్ అఖాతమున వెదురుగుంజలు నాటి ఆలుచిప్పలు పెంచుకొను బెస్తవారు తమ తావు పోవునని మొరపెట్టుకొనుచున్నారు. పని మీకు దొరకునని అధికారులు వారికి నచ్చజెప్పుచున్నారట. ఏ పని, ఎన్నినాళ్లు, కూలి యెంత అని వారడుగుచున్నారు. కాగితముపై వ్రాసియిచ్చువరకు గుంజలు పెరుకమని దలహీకాన్ రేవులో నొకడు నాతో చెప్పెను.