బొర్రా కొండ మీద గని, వైజాగ్ కుళాయిలో నీళ్లు: రిస్క్ ఎవరు లెక్కేయాలి?

అరకు ట్రిప్‌కి వెళ్లిన ప్రతి ఒక్కరి ఫోన్‌లో బొర్రా గుహల ఫోటో ఒకటైనా ఉంటుంది. కానీ ఆ గుహల దగ్గర పారే గోస్తని నది తర్వాత ఎక్కడికి వెళ్తుందో ఎప్పుడైనా ఆలోచించారా? అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా మీదుగా కిందికి దిగి, తాటిపూడి రిజర్వాయర్‌కి చేరుతుంది. అక్కడి నుంచి విశాఖపట్నానికి తాగునీళ్లు వెళ్తాయి. అంటే కొండ మీద నీళ్లలో ఏదైనా కలిస్తే అది కొండవాళ్ల సమస్య మాత్రమే కాదు.

ఇప్పుడు కొంచెం వెనక్కి వెళ్దాం. బొర్రా పంచాయతీ గ్రామాల్లో కాల్సైట్ తవ్వకానికి ప్రభుత్వం ప్రైవేటు వాళ్లకి లీజులు ఇచ్చింది. ‘సమత’ అనే సంస్థ దాని మీద కోర్టుకెళ్లింది. 1997 జూలై 11న సుప్రీంకోర్టు 2-1 మెజారిటీతో తీర్పు చెప్పింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమిని గిరిజనేతరులకి ఇవ్వకూడదన్న చట్టం ప్రభుత్వానికి కూడా వర్తిస్తుంది, కాబట్టి ఆ లీజులు చెల్లవు అంది. దేశమంతా ఇప్పటికీ చెప్పుకునే తీర్పు అది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఆ కేసు గెలిచింది భూమి చట్టం మీద. నీళ్లు దాంతోపాటు బతికాయి, అంతే. గని వస్తే ఊటలో ఏం కలుస్తుంది, ఎంత కలుస్తుంది, ఆ నీళ్లు ఎవరు తాగుతారు అన్నది అందులో ప్రధాన ప్రశ్న కాదు. ఆ తర్వాత 2015లో చింతపల్లి వైపు బాక్సైట్ కోసం 1,212 హెక్టార్ల అడవి ఇస్తూ జీవో వచ్చింది. గిరిజనులు గట్టిగా వ్యతిరేకించారు. 2019లో అది రద్దయింది. రేపు ఇంకో జీవో రాదని గ్యారంటీ ఏముంది? అందుకే నీళ్ల లెక్క మనకి తెలియాలి.

రిస్క్ లెక్కలో మూడు ప్రశ్నలుంటాయి. రసాయనం ఎక్కడి నుంచి వస్తుంది? ఏ దారిన మనిషిని చేరుతుంది? ఎవరి ఒంట్లోకి ఎంత పోతుంది? ఉదాహరణకి గనిలో పేల్చే మందులో అమ్మోనియం నైట్రేట్ ఉంటుంది. పేలకుండా మిగిలింది వానకి కరిగి గెడ్డలో కలవొచ్చు. మన దేశంలో తాగేనీళ్లలో నైట్రేట్ లీటరుకి 45 మిల్లీగ్రాములు దాటకూడదు. దాటితే ఎక్కువ ప్రమాదం డబ్బాపాలు తాగే పసిపిల్లలకి. బాక్సైట్ విషయంలో గని వేరు, రిఫైనరీ వేరు. కాస్టిక్ సోడా, ఎర్రబురద వచ్చేది రిఫైనరీ దగ్గర. 2010లో హంగరీలోని ఐకాలో ఎర్రబురద చెరువు గట్టు తెగి 10 మంది చనిపోయారు.

మూడో ప్రశ్నకి ఫ్లోరైడ్‌తో లెక్క చేద్దాం. నీళ్లలో లీటరుకి 1.5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉందనుకోండి. మన దేశంలో వేరే నీటి వనరు లేనప్పుడు ఒప్పుకునే గరిష్ఠ పరిమితి అదే. 60 కిలోల మనిషి 2 లీటర్లు తాగితే కిలో బరువుకి 0.05 మిల్లీగ్రాములు. 15 కిలోల పాప ఒక్క లీటరే తాగినా కిలోకి 0.1. అదే బిందె, అవే నీళ్లు, పాపకి డోసు డబుల్. అమెరికా పర్యావరణ సంస్థ రోజుకి సురక్షితం అనుకున్న డోసు కిలోకి 0.06. పెద్దాయన దాని లోపల ఉన్నాడు, పాప దాటేసింది.

సమయానికి కొలవకపోతే ఏమవుతుందో చూడ్డానికి హంగరీ దాకా పోనక్కర్లేదు. 1937లో డాక్టర్ షార్ట్ బృందం అప్పటి నెల్లూరు జిల్లాలో పళ్లు గారపట్టి, వెన్ను బిగుసుకుపోయిన మనుషుల గురించి రాసింది. అక్కడ కారణం ఫ్యాక్టరీ కాదు, గని కాదు. రాళ్లలోంచి బావిలోకి దిగిన ఫ్లోరైడ్. నీళ్లు చూస్తే తేటగా ఉంటాయి. తర్వాత నల్గొండలోనూ అదే కథ. 1970ల్లో నీరీ శాస్త్రవేత్తలు పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే ‘నల్గొండ టెక్నిక్’ తెచ్చారు. నీళ్లు బాగుచేయొచ్చు, కానీ వంగిన ఎముక మళ్లీ నిటారు కాదు. అక్కడ లెక్క మనుషుల ఒళ్లు పాడయ్యాక మొదలైంది.

కొండల్లో మనకి ఇంకా టైముంది. కోడ్ మార్చేముందు పాతది బ్యాకప్ తీసుకుంటాం కదా, ఇదీ అంతే. గని రాకముందే ప్రతి ఊట, ప్రతి గెడ్డ నీళ్లు ఎండాకాలంలో ఒకసారి, వానాకాలంలో ఒకసారి పరీక్ష చేసి, తేదీ వేసి దాచుకోవాలి. లేకపోతే రేపు ఏదైనా తేడా వస్తే ‘ముందు నుంచీ ఇంతే’ అని ఎవరైనా అనేయగలరు. కాదనడానికి మన దగ్గర కాగితం ఉండదు.

ఇంకో మాట. ఏజెన్సీలో వానాకాలం విరేచనాలకి కారణం ఎక్కువగా క్రిములే. దానికి నీళ్లు మరగబెట్టాల్సిందే. కానీ మరగబెడితే ఫ్లోరైడ్, నైట్రేట్ పోవు. నీరు ఆవిరై ఇంకాస్త చిక్కబడతాయి. వాటిని పట్టుకోవాలంటే పరీక్ష ఒక్కటే దారి.

జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు మహిళలకి నీళ్లు పరీక్షించే కిట్ మీద ట్రైనింగ్ ఇవ్వాలి. మీ ఊళ్లో ఆ ఐదుగురు ఎవరో కనుక్కోండి. రిజల్ట్ వచ్చాక ఫోటో తీసి, తేదీతో దాచండి. మీ ఊరి నీళ్ల చరిత్రకి అదే మొదటి పేజీ. ఉంటాను మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.