నియంతల నేరాలు, చరిత్ర తీర్పు: నిజాం రాజ్యం కథ

ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ మీద తన ఏలుబడికి సంబంధించి ఏ న్యాయస్థానంలోనూ నేర విచారణ జరగలేదు. 1911లో గద్దెనెక్కి 1948 సెప్టెంబర్ దాకా హైదరాబాద్ సంస్థానాన్ని ఏలిన ఈ ప్రభువు ఓడిపోయాక జైలుకూ పోలేదు, దేశం విడిచీ పోలేదు. 1950 జనవరి 26 నుంచి 1956 అక్టోబర్ 31 వరకు అదే రాష్ట్రానికి రాజ్‌ప్రముఖ్‌గా ఉన్నాడు. 1967 ఫిబ్రవరి 24న కన్నుమూస్తే చివరి చూపు కోసం హైదరాబాద్ వీధులు కిక్కిరిశాయి. ఆయన రాజ్యంలో ఊళ్ల మీద పడ్డ రజాకార్ల నాయకుడు ఖాసిం రజ్వీకి మాత్రం ఏడేళ్ల శిక్ష పడింది. అది కూడా ఒక దోపిడీ కేసులో.

నియంత చేసిన పనులకు లెక్క ఎవరు అడుగుతారు, ఎప్పుడు అడుగుతారు అన్న ప్రశ్నకు తెలుగు నేల మీద దొరికే పెద్ద ఉదాహరణ ఇదే. ఈ లెక్కలు చూడటానికి నేటి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలను మించిన చోటు లేదు. ఎందుకంటే పాత పాలమూరు జిల్లాలోని ఈ ప్రాంతంలో రాజు పైన రాజు ఉండేవాడు, కింద దొర ఉండేవాడు. ఏ నేరం ఎవరి ఖాతాలో రాయాలన్నది ఇక్కడ అంత తేలిక కాదు.

సంస్థానాలు, కవులు

నిజాం రాజ్యంలో గద్వాల, వనపర్తి, జటప్రోలు, ఆత్మకూరు, గోపాలపేట వంటి సంస్థానాలుండేవి. జటప్రోలు ప్రభువులు తర్వాత కొల్లాపురం నుంచి ఏలారు. వీరంతా నిజాంకు పేష్కష్ (కప్పం) కట్టి, తమ ఎల్లల్లో తామే పాలన నడుపుకునేవారు. వీరి గురించి మిగిలిన రాతలో పెద్ద వాటా వీరి సత్కారాలు అందుకున్న కవులదే. పండితులకు పెట్టింది పేరు కావడం వల్ల గద్వాల ‘విద్వద్గద్వాల’ అయింది. తిరుపతి వేంకట కవుల వంటి వారు కృష్ణ దాటి ఈ దర్బారులకు వచ్చి అవధానాలు చేసి, వార్షికాలు అందుకుని వెళ్లారు. వార్షికం పుచ్చుకున్నవాడు దాత మీద చేదు పద్యం రాస్తాడని ఎవరూ ఆశించరు. గద్వాల కోట కట్టిన సోమనాద్రి శౌర్యం జనం నోట కథగా బతికింది గానీ, ఆ కోటకు రాళ్లు మోసిన వారి పేర్లు ఏ పద్యంలోకీ ఎక్కలేదు.

ఈ ధోరణిని తిప్పికొట్టినవాడు ఈ గడ్డ మీదే పుట్టాడు. గద్వాల ప్రాంతపు ఇటిక్యాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి 1926లో ‘గోలకొండ పత్రిక’ మొదలుపెట్టాడు. 1930లో జోగిపేటలో జరిగిన తొలి నిజామాంధ్ర మహాసభకు అధ్యక్షత వహించాడు. 1949లో, అంటే నిజాం పాలన కూలిన మరుసటి ఏడే, ఆయన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ వచ్చింది. రాజుల యుద్ధాలు, వంశావళులు పక్కన పెట్టి, జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు, ఏ పన్నుల కింద నలిగారు అని వెతికిన పుస్తకం అది. పాలకుడిని తిట్టకుండానే అతడిని కథలోంచి పక్కకు జరపడం కూడా ఒక తీర్పే. 1952 ఎన్నికల్లో వనపర్తి నుంచి ప్రతాపరెడ్డి శాసనసభకు ఎన్నికయ్యాడు. మరుసటి ఏడాది ఆగస్టులో చనిపోయాడు. తెలుగుకు దక్కిన తొలి సాహిత్య అకాడమీ అవార్డు 1955లో ఆయన పోయాక ఆ పుస్తకానికి వచ్చింది.

అభియోగాలు

నిజాం మీద చరిత్రకారులు మోపే అభియోగాల్లో మొదటిది మాట్లాడనివ్వకపోవడం. ‘గస్తీ నిషాన్ 53’ అనే ఉత్తర్వు కింద సర్కారు అనుమతి లేనిదే సభ పెట్టడానికి వీల్లేదు. సాహిత్య సభ పెట్టుకున్నా, గ్రంథాలయ వార్షికోత్సవం జరుపుకున్నా అనుమతి కాగితం కోసం తిరగాల్సిందే.

రెండోది వెట్టి. ఇది నేరుగా నిజాం చేతుల మీద నడిచింది కాదు. దొర, దేశ్‌ముఖ్, పటేలు, పట్వారీల చేతుల మీద నడిచింది. గ్రామానికి అధికారి వస్తే కుమ్మరి కుండలు తేవాలి, చాకలి చాకిరీ చేయాలి, మాదిగ చెప్పులు కుట్టివ్వాలి, గొల్ల మేకను తోలాలి. పైసా ఇచ్చేది లేదు. ‘బాంచెన్ దొరా, నీ కాల్మొక్తా’ అన్న మాట ఆ రోజుల్లో బడుగు మనిషి నోట పలకరింపులా తిరిగేది. వెట్టిని నిషేధిస్తూ ఫర్మానాలు వచ్చాయి గానీ, వాటిని అమలు చేయాల్సిన వాళ్లే వెట్టి చేయించుకునేవాళ్లు. దాశరథి రంగాచార్య ఈ వ్యవస్థ మీద రాసిన నవలకు ‘చిల్లర దేవుళ్లు’ అని పేరు పెట్టడంలోనే ఆయన తీర్పుంది: పెద్ద దేవుడు హైదరాబాద్‌లో, చిల్లర దేవుళ్లు ఊరూరా.

మూడోది 1947–48 నాటి హింస. 1927లో పుట్టిన మజ్లిస్ సంస్థకు లాతూరు వకీలు ఖాసిం రజ్వీ 1946లో అధ్యక్షుడయ్యాక దాని రజాకార్ దళాలు పెచ్చుమీరాయి. పోలీసులూ తక్కువ తినలేదు. 1947 అక్టోబర్‌లో ఆత్మకూరుకు దగ్గర్లోని అప్పంపల్లిలో పోలీసు కాల్పులకు 11 మంది బలయ్యారు. 1948 ఆగస్టులో ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను హైదరాబాద్‌లో రాత్రివేళ దారికాచి చంపారు. రాసిన చేతిని నరికారు. సంస్థానం భారత్‌లో కలవాలని రాసిన ముస్లిం పత్రికా రచయిత ఆయన. రజాకార్ల హింసను కేవలం మతాల కొట్లాటగా చెప్పేవారికి ఈ హత్య కొరుకుడు పడదు. అదే నెల చివర్లో బైరాన్‌పల్లిలో రజాకార్లు, పోలీసులు కలిసి ఊరి బురుజును ముట్టడించి పదుల మందిని చంపారు.

ఈ అభియోగాల పక్కనే పెట్టాల్సిన మరో జాబితా ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయం, ఉస్మానియా ఆసుపత్రి, హైకోర్టు భవనం, ఉస్మాన్‌సాగర్, నిజాంసాగర్ అన్నీ ఆ ఏలుబడిలోనివే. నిజాంను మెచ్చుకునేవారు వీటిని చూపిస్తారు. అంతటితో ఆగరు, 1965లో ఆయన దేశ రక్షణకు అయిదు టన్నుల బంగారం దానం చేశాడని కూడా చెబుతారు. నిజానికి ఆయన చేసింది దానం కాదు. 425 కిలోల బంగారాన్ని వడ్డీ వచ్చే జాతీయ రక్షణ బంగారు బాండ్లలో పెట్టాడు. ఆనకట్టలు కట్టాడన్న నిజానికి ఈ కట్టుకథ తోడు అవసరం లేదు.

కోర్టుల్లో తేలింది

1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం సంస్థానంలోకి కదిలింది. దీన్నే పోలీసు చర్య అన్నారు. 17న నిజాం లొంగిపోతున్నట్టు ప్రకటించాడు. అప్పటికి నాజీ నేతల మీద న్యూరెంబర్గ్ తీర్పు వచ్చి రెండేళ్లు నిండలేదు. జాతి నిర్మూలనను నేరంగా చెప్పే ఐక్యరాజ్యసమితి ఒప్పందం ఇంకా మూడు నెలల దూరంలో ఉంది. భారత్ మీద హైదరాబాద్ చేసిన ఫిర్యాదు ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి ముందు నలుగుతూనే ఉంది. అయినా ఇక్కడ న్యూరెంబర్గ్ తరహా విచారణ ఊసే లేదు. నిజాంను నిలబెట్టి అడగడం కన్నా ఆయన సంతకం ఢిల్లీకి ఎక్కువ అక్కరకొచ్చింది. భారత రాజ్యాంగాన్ని తన రాష్ట్రానికి వర్తింపజేస్తూ 1949 నవంబర్ 23న ఫర్మానా ఇచ్చింది ఆయనే. రాజీ వల్ల పాలన సాఫీగా చేతులు మారింది, నిజమే. కానీ పై స్థాయి బాధ్యత ఎంతన్నది ఆ రాజీ కిందే పూడిపోయింది.

నిజాం ప్రధాని మీర్ లాయక్ అలీ గృహనిర్బంధంలోంచి 1950 మార్చిలో తప్పించుకుని పాకిస్తాన్ చేరాడు. తన వాదనను తర్వాత పుస్తకంగా రాసుకున్నాడు. రజ్వీ దొరికాడు. షోయబుల్లా హత్య కేసు ఆయన మీద నిలబడలేదు. నిలబడింది బీబీనగర్ కేసు: 1948 జనవరిలో రజాకార్లు ఆ ఊరి మీద పడి దోచుకున్న ఘటన. ప్రత్యేక ట్రిబ్యునల్ విచారణ రాజ్యాంగంలోని సమానత్వ హక్కుకు విరుద్ధమంటూ రజ్వీ సుప్రీంకోర్టుకు వెళ్లాడు. 1953 జనవరిలో న్యాయమూర్తులు మెజారిటీతో ఆ వాదన తోసిపుచ్చారు. 1957లో విడుదలై ఆయన పాకిస్తాన్ వెళ్లిపోయాడు. 1970లో కరాచీలో చనిపోయాడు. నేరం కొండంత ఉన్నా కోర్టుకు కావాల్సింది తేదీ, చోటు, సాక్షి. ఆ మూడూ దొరికింది బీబీనగర్‌లోనే అనుకోవాలి.

అదే కాలంలో, అలాంటి ప్రత్యేక ట్రిబ్యునళ్లే తెలంగాణ సాయుధ పోరాటంలో పట్టుబడ్డ 12 మందికి ఉరిశిక్ష వేశాయి. వారి తరఫున వాదించడానికి ఇంగ్లండ్ నుంచి న్యాయవాది డి.ఎన్. ప్రిట్ వచ్చాడు. చివరికి ఉరి తప్పింది గానీ, లెక్క చూస్తే రజాకార్ల అధినేతకు ఏడేళ్లు, దొరలకు ఎదురు తిరిగిన వారికి ఉరికంబం. దీన్ని న్యాయం అనడానికి నోరు రాదు.

గద్వాల, వనపర్తి వంటి చోట్ల సంస్థానాధీశులకు విచారణ చిక్కు కూడా రాలేదు. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. వనపర్తి రాజా రామేశ్వరరావు స్వతంత్ర భారతంలో విదేశాంగ సర్వీసులో పనిచేసి, తర్వాత మహబూబ్‌నగర్ ఎంపీ అయ్యాడు. వనపర్తి రాజభవనంలోకి పాలిటెక్నిక్ వచ్చింది. గద్వాల కోటలో మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మ పేరిట డిగ్రీ కళాశాల నడిచింది. ఒకప్పుడు జోడు విడిచి అడుగుపెట్టాల్సిన చావడుల్లో పిల్లలు హాజరు పలికారు. జనం ఈ పాలకుల పట్ల మెత్తగా ఉండటానికి ఇదీ ఒక కారణం కావచ్చు. సంస్థానాల్లోని వెట్టి, శిస్తుల మీద రావాల్సినంత పరిశోధన ఇప్పటికీ రాలేదు.

బీరువాలో దాగిన నివేదిక

నియంత పడిపోయిన రోజున జరిగిన నేరాలను ఏం చేయాలి? పోలీసు చర్య తర్వాత ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ముస్లింల మీద ప్రతీకార దాడులు జరిగాయి. పండిత సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ తదితరుల బృందాన్ని నెహ్రూ ప్రభుత్వం పంపింది. మృతులు 27,000 నుంచి 40,000 దాకా ఉంటారని వారు అంచనా వేశారు. ఆ నివేదిక దశాబ్దాల పాటు ప్రజల కంటపడలేదు. పూర్తి పాఠం 2013 ప్రాంతంలోనే విస్తృతంగా అందుబాటులోకి వచ్చింది. రజ్వీ నేరాలను ఏకరువు పెట్టి దీన్ని దాటవేసే రచన, దీన్ని చెప్పి బైరాన్‌పల్లిని దాటవేసే రచన రెండూ సగం కాగితాలే. రజాకారు చేసిన పాపానికి బీదర్ చేనేత ముస్లిం బాధ్యుడు ఎలా అవుతాడు?

లండన్ కోర్టులోనూ ఓ తీర్పు వచ్చింది. 1948 సెప్టెంబర్ 20న, అంటే లొంగుబాటు జరిగిన మూడో రోజున, నిజాం ప్రభుత్వపు పది లక్షల పౌండ్లకు పైగా సొమ్ము లండన్‌లోని పాకిస్తాన్ హైకమిషనర్ ఖాతాలోకి మళ్లింది. అది అసలుకు వడ్డీ చేరి మూడున్నర కోట్ల పౌండ్లయ్యాక, 2019 అక్టోబర్‌లో బ్రిటన్ హైకోర్టు ఆ డబ్బు భారత్‌కూ నిజాం వారసులకూ చెందుతుందని తేల్చింది. డబ్బు లెక్క తేలడానికి 71 ఏళ్లు పట్టింది. ప్రాణాల లెక్క ఇంకా మిగిలే ఉంది.

రోజుకు పేరు

సెప్టెంబర్ 17ను ఏమని పిలవాలన్నదాని మీద కూడా ఏకాభిప్రాయం లేదు. కొందరికి విమోచన, కొందరికి విలీనం, కొన్ని వామపక్ష బృందాలకు విద్రోహ దినం. 2022లో కేంద్రం ‘హైదరాబాద్ విమోచన దినోత్సవం’ జరిపితే, అదే రోజు రాష్ట్ర ప్రభుత్వం ‘తెలంగాణ జాతీయ సమైక్యతా దినోత్సవం’ జరిపింది. రాష్ట్రంలో ప్రభుత్వం మారాక 2024లో అది ‘ప్రజాపాలన దినోత్సవం’ అయింది. కలెక్టరేట్ ముందు ఎగిరే జెండా ఒకటే. వెనక కట్టే బ్యానర్ మాత్రం అధికారంలో ఉన్నవారిని బట్టి మారుతోంది. ఇది ఇక్కడి కథే కాదు. చిలీ నియంత పినోచెట్ 1998లో లండన్‌లో అరెస్టయినా 2006లో ఏ శిక్షా పడకుండానే చనిపోయాడు. ఉగాండా ఈదీ అమీన్ 2003లో సౌదీలో ప్రశాంతంగా పోయాడు. వారి దేశాల్లోనూ వారి గురించిన గొడవ ఇలాగే సాగుతోంది.

ఈ గొడవలో సాక్ష్యం మిగలాలంటే ఆ రోజులు చూసినవారి మాట కావాలి. 1947లో పదేళ్లున్నవారికి ఇప్పుడు తొంభైకి దగ్గరపడింది. ఆత్మకూరు, అమరచింత, కొల్లాపూర్, అచ్చంపేట వైపు ఇళ్లలో అలాంటి పెద్దలుంటే వారి మాటను ఫోనులోనైనా రికార్డు చేసి, ఊరు, తేదీ, పేరు రాసి పెట్టండి. పాత కౌలు కాగితమో, పన్ను రశీదో దొరికితే పాత సామానుతో పారేయకుండా దాని నకలు జిల్లా గ్రంథాలయానికి ఇవ్వండి.