గాడిదగడపర



మిద్దె మీది కరివేపాకు చెట్టుకు వచ్చే పురుగులను మేము సీతాకోకచిలుకలయ్యేదాకా పెంచుతున్నాము. నల్ల రెక్కలు, ఎర్ర ఒళ్ళు ఉన్న చిలుక మాత్రం వచ్చి తిరిగి పోయేది, గుడ్డు పెట్టేది కాదు. దాని పురుగుకు ఈశ్వరి, గాడిదగడపర జాతి ఆకులే కావాలి. ఆ ఆకు విషాన్ని ఒంట్లో నింపుకొని పెరుగుతుంది, అందుకే పక్షులు జోలికి రావు.

1775లో ఫాబ్రిషియస్ ఆ చిలుకకు తిండిమొక్క పేరే పెట్టాడు: అరిస్టొలోకియే. మన తీరం నుండి ఆయనకు ఎన్నో పురుగులను పంపినవాడు కోనిగ్ అనే వైద్యుడు. 1768లో తరంగంబాడికి వచ్చి, 1785లో కాకినాడ జగన్నాథపురంలో చనిపోయాడు. తమిళనాట మొదలుపెట్టి తెలుగుగడ్డ మీద ముగించాడు, మన పెద్దలు వచ్చిన దారికి తలకిందులుగా!

నర్సరీలో అడిగితే తెలియదన్నారు. చివరికి రైలు పట్టాల పక్కన దొరికింది. చూస్తే మాకు తెలిసిన ఆడుతీండాపాలై! మేక ముట్టనిది అని అర్థం. బడిలో చదివింది తమిళం కదా, ఆ పేరే నోట నిలిచింది. గాడిదగడపర అని మా ఇంట్లో అవ్వ ఒక్కతే అనేది. మనవళ్ళకు రెండూ తెలియవు.

మీ ఊళ్ళో మనవాళ్ళు దీన్ని ఏమంటారో రాయండి. విత్తనాలు కావాలంటే పంపుతాము. ఆకు మనుషుల మూత్రపిండాలకూ విషమే, పిల్లలకు అందకుండా పెంచండి.